నాలుగో పిల్ల

నవంబర్ 8, శనివారం

మమత ఫస్ట్. హిందూపురంలో ఇవాళ జరిగిన స్కూళ్ళ క్రాస్ కంట్రీ పోటీలో, అంతమంది ఆడపిల్లల్లో, నా కూతురు ఫస్ట్. నాకు ముందే తెలుసు. నిన్న ఎర్రమంచి కార్ల కంపెనీకి పోయే నా బస్సులో ఎక్కిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. "ఇంకా పందెమే కాలేదు, అప్పుడే చాటింపా?" అని మా ఆవిడ ఉమారాణి నవ్వింది. ఇప్పుడు నవ్వమను.

క్రాస్ కంట్రీ అంటే గ్రౌండు చుట్టూ తిరిగేది కాదు. గేటు దాటి మట్టిదారి పట్టి, చేలగట్ల మీదుగా పోయి, మళ్ళీ గ్రౌండుకు రావాలి. నేను స్కూటర్ మీద అడ్డదారుల్లో పోయి, దారి కనిపించిన ప్రతిచోటా నిలబడి అరిచాను. గొంతు పోయింది. పోనీ.

టీమ్‌లోనూ మా పెనుకొండ పిల్లలే ముందున్నారు. ఒక్కో స్కూలు నుంచి నలుగురు ముగించాలి, ఆ నలుగురి స్థానాలూ కలిపి చూస్తారు. మమత, మరియమ్మ, ఇంకో ఇద్దరు. వచ్చే నెల పదమూడున ధర్మవరంలో జిల్లా పోటీ. ఐదో పిల్లగా అదనంగా తీసుకొచ్చిన సుచిత్ర మాత్రం దాదాపు అందరికంటే వెనక వచ్చింది. తడి చేతులు ఆరబెట్టుకుంటున్నట్టు రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తుతుంది. నాకు నవ్వొచ్చింది.

పందెం అయ్యాక మమత బూటు విప్పి, మోకాలి కింద ఎముకను అదుముకుంటూ కూర్చుంది. కొత్త బూట్లు. కాలికి అలవాటయ్యేదాకా అంతే.

నవంబర్ 11, మంగళవారం

కొండ కింది రోడ్డులో ముందు మమత, వెనక నా స్కూటర్. నాకు మధ్యాహ్నం డ్యూటీ కావడం ఎంత మంచిదయింది! పొద్దున పూటంతా మాదే. పరుగయ్యాక బస్టాండు దగ్గర తనకు బొరుగుల ఉగ్గాని, నాకు టీ. హోటలాయన అడక్కుండానే రెండు బజ్జీలు ఎక్కువ వేశాడు. "జిల్లా ఫస్టు కూడా మన పాపేనంట గదప్పా?" అన్నాడు. నేనే చెప్పి ఉంటాను.

నవంబర్ 15, శనివారం

ఉమారాణి అంగన్‌వాడీ నుంచి వచ్చీ రాగానే మొదలుపెట్టింది.

"పిల్ల మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాంది, చూసినావా?"

"చలికి కాళ్ళు పట్టేసింటాయి."

"చలి నీకు ల్యా? నాకు ల్యా?"

"మనం పరిగెత్తడం ల్యా గదా."

సంచి గోడకు తగిలించి బియ్యం ఏరడానికి కూర్చుంది. ఒప్పుకున్నట్టే కదా.

నవంబర్ 16

కొత్త బూట్లే.

నవంబర్ 19, బుధవారం

నువ్వుల నూనె కాచి కాలికి రాశాను. బిగించి కట్టు కట్టాను. "నొప్పి ల్యా గదా?" అన్నాను. "ల్యా నాయనా" అంది. ఉమారాణి వంటింటి గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నవంబర్ 22, శనివారం

ఇవాళ కొండ మలుపు దగ్గర మమత ఆగిపోయింది. నేను హారన్ కొట్టాను. కదల్లేదు. మళ్ళీ కొట్టాను. కల్వర్టు గట్టు మీద కూర్చుని, "నాయనా, బండెక్కించుకో" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

హోటల్ దగ్గర ఆగలేదు.

నవంబర్ 24, సోమవారం

హిందూపురంలో డాక్టరమ్మకు చూపించాం. ఎక్స్‌రే తీశారు. ఎముకలో వెంట్రుకంత చీలిక. రెండు నెలలు పరుగు మాట ఎత్తకూడదు, తర్వాత మళ్ళీ చూసి చెబుతుంది. బాగా నయమవుతుందట, కానీ తొందరపెట్టకూడదట.

"ఎప్పట్నుంచి నొప్పి?" అని డాక్టరమ్మ అడిగింది.

నేను బూట్ల సంగతి చెప్పబోయాను. మమత నా వైపు చూడకుండా, "దసరా సెలవుల్నుంచి" అంది.

బూట్లు దీపావళికి కొన్నాం.

నవంబర్ 25

డ్యూటీకి వెళ్ళాను. వచ్చాను.

నవంబర్ 27, గురువారం

బెంగళూరులో ఇంకో డాక్టరుకు చూపిస్తే ఎలా ఉంటుందని అన్నాను. పెద్ద పెద్ద ఆటగాళ్ళకు ఇంతకంటే పెద్ద దెబ్బలు తగిలినా రోజుల్లో లేచి ఆడుతున్నారు. ఉమారాణి అన్నం వడ్డిస్తున్నది ఆపి, "ఆ మాట ఇంకోసారి ఎత్తినావంటే నేను మనిషిని కాను" అంది. సరే. ఎత్తను.

తిన్నాక మమత నా పక్కన కూర్చుంది.

"నాయనా, ఇంగ పొద్దున్నే లేచే పని ల్యా గదా మనకి?"

"ల్యా. హాయిగా పండుకో తల్లీ" అన్నాను.

అలాగేనని తలూపి వెళ్ళింది. పాపం, ఎన్నాళ్ళుగానో నిద్ర చాలక ఉండి ఉంటుంది.

నవంబర్ 29, శనివారం

పీఈటీ సారు రంగయ్య ఇంటికొచ్చాడు. మమత కాలు చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"ముగ్గురితో టీమ్ ల్యా అన్నా. పేరు కొట్టేస్తారు. మరియమ్మ పోయిన వారం నుంచి ఎంత బాగా ఉరుకుతాందో తెలుసా? టీమ్ ల్యాకుండా పోయి ఏం చేస్తాది, పాపం."

నేను నిజం చెప్పాలంటే ఏమీ అనుకోలేదు. మమత లేని టీమ్ ఉంటేనేం, పోతేనేం అనిపించింది. మమతే అంది: "సుచిత్ర ఉండాది గదా సార్."

"ఆ పిల్ల రానంటాంది. ఇంట్లో పట్టుపురుగులు పెట్టినారంట. వాళ్ళవ్వ పంపదు."

"చివర్లో వచ్చే పిల్ల ఎందుకు సార్?" అన్నాను.

రంగయ్య నా వైపు తిరిగాడు. "చివర్లో వచ్చినా వస్తాది. నాకు కావాల్సింది అదే."

మమత వెంటనే, "రేపు మేం పోయి అడుగుతాం సార్" అంది. మేం అంటే నేను.

నవంబర్ 30, ఆదివారం

సుచిత్ర వాళ్ళది ఎర్రమంచి దాటాక చేలో ఇల్లు. ఇంటి పక్కనే పురుగుల షెడ్డు, వెనక మల్బరీ తోట. అమ్మానాన్నలిద్దరూ కంపెనీలో కాంట్రాక్టు పనికి పోతారు. పురుగుల సంగతి అంతా ఆ పిల్లా, వాళ్ళవ్వ కుళ్ళాయమ్మే చూసుకోవాలి.

అవ్వ మమతను మంచం మీద కూర్చోబెట్టి, కాలు ఒళ్ళోకి తీసుకుని నిమిరింది. నేను అసలు సంగతి చెప్పేసరికి నవ్వేసింది.

"ఏమప్పా, ఆ పొద్దుకి పురుగు పండే టయానికొస్తాది. ఆకు మానేసి గూడు కట్టేదానికి తలెత్తుతాది. ఒక్కోదాన్నీ ఏరి తట్ట మీదెయ్యాల. అదేమన్నా పందేలు చూసి ఆగుతాదా?"

"అవ్వా, ఒక్క పూట గదా."

"ఒక్క పూటే. ఆ ఒక్క పూటకే ఇన్నాళ్ళు మేపింది."

సుచిత్ర షెడ్డు తలుపు దగ్గర నిలబడి వింటోంది. మమత అడిగింది: "నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే" అంది చాలా చిన్నగా. "హిందూపురంలో గూడా నాకు బాగుండింది."

చివర్లో వచ్చిన పిల్లకు ఏం బాగుంటుందో నాకు అర్థం కాలేదు. కానీ ఆ మాట విన్నాక నా నోరు ఆగలేదు.

"ఆ పొద్దు నేనొచ్చి ఏరుతా అవ్వా. ఈ పిల్ల చేసే పనంతా నేను చేస్తా."

"నువ్వా? బస్సు తోలేటోనివి!"

"రైతు బిడ్డనే గదా అవ్వా."

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "రేపట్నుంచి పొద్దున్నే రా. ఆకెయ్యి. నీ చేతి వాటం చూసి చెప్తా."

పెద్ద పనేం కాదు. నాలుగు రోజులు చేసి నమ్మకం కుదిర్చి, పందెం రోజుకు తెలిసిన కూలి మనిషి బాలప్పను పెడతాను. ధర్మవరంలో నేను లేకుండా ఎలా?

డిసెంబర్ 1, సోమవారం

అవ్వ నన్ను షెడ్డు గడప కూడా తొక్కనివ్వలేదు. "సెంటు కొట్టుకొచ్చినావా?" అని బోరింగు దగ్గరికి తోలింది. పురుగులకు వాసన పడదట. చలిలో రెండోసారి స్నానం చేసి లోపలికి పోయాను. ఆకు వేశాను. తడి ఆకు వేశానని తిట్టింది. ఒకచోట కుప్పగా వేశానని తిట్టింది. మొత్తానికి బాగానే చేశాను.

డిసెంబర్ 4, గురువారం

చేతి వాటం కుదిరింది. అవ్వ ఆ మాట అనలేదు గానీ, తిట్టడం తగ్గింది. ఈ పురుగులు మేసే చప్పుడు వింటూ ఉంటే, పెళ్ళి పందిట్లో బంతి లేచేటప్పుడు అందరూ ఒకేసారి విస్తళ్ళు మడుస్తున్నట్టు ఉంటుంది. నేను ఆకు వేస్తున్నంతసేపూ సుచిత్ర పరుగుకు పోతుంది. పోతూ పోతూ షెడ్డులోకి ఒకసారి తొంగిచూసి మరీ పోతుంది, నేను సరిగ్గా వేస్తున్నానా లేదా అని.

డిసెంబర్ 6, శనివారం

ఇవాళ అవ్వే, "ఆకు నేనేస్తాలే, పిల్లలెంట పో" అంది. స్కూటర్ నేను తోలాను, వెనక మమత కూర్చుంది, మా కొండ కింది రోడ్డులోనే ముందు సుచిత్ర పరిగెత్తింది. మెల్లగా, అదే ఊపుడు చేతులతో. నాకు ఓపిక పట్టలేదు. "ఉరుకు! ఉరుకు పాపా! చేతులు దగ్గర పెట్టుకో!" అని అరిచి హారన్ మీద చెయ్యి పెట్టాను.

మమత నా వీపు మీద తట్టింది.

"నాయనా, గమ్మునుండు. అరిస్తే ఆ పిల్లకి ఊపిరి తప్పుతాది."

"నీకు అరిస్తేనే గదా ఊపొచ్చేది!"

సుచిత్ర కాస్త దూరం పోయాక మమత అంది: "నాగ్గూడా తప్పుతాది."

ఆ తర్వాత నేను హారన్ కొట్టలేదు. రోడ్డు మీద లారీలు ఎక్కువగా ఉన్నాయి, తోలడం మీద ధ్యాస పెట్టాలి.

మమత మాత్రం మాట్లాడుతూనే ఉంది, అరవకుండా, పక్కన నడుస్తున్న మనిషితో చెప్పినట్టు. "ఎత్తు వస్తాంది, చిన్న అడుగులెయ్యి. ఇంగ వదిలెయ్యి, భుజాలొదిలెయ్యి. బాగుండాది." సుచిత్ర చేతులు ఊపుతూనే ఎత్తు ఎక్కేసింది. ఒక్కసారీ ఆగలేదు. ఆ కొండ మలుపు దగ్గర ఆగకుండా ఎక్కిన పిల్లల్ని నేను మమతను తప్ప ఇంకెవర్నీ చూడలేదు.

డిసెంబర్ 9, మంగళవారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి ఉమారాణి మేలుకునే ఉంది. నిన్నటి సంగతి చెప్పింది. నిన్న పొద్దున అన్నం తింటూ నేను "మన సుచిత్ర" అన్నానట. మన సుచిత్ర ఇట్ల ఉరికింది, మన సుచిత్ర అట్ల ఎక్కింది. మమత చెయ్యి కడుక్కుని లేచిపోయి, స్నానాల గదిలో ఏడ్చిందట.

నన్ను ఆ పిల్లకు సాయం చెయ్యమని అడిగింది మమతే కదా!

"అడిగింది" అంది ఉమారాణి. "అడిగినంత మాత్రాన నొప్పి ఉండదా?"

డిసెంబర్ 10, బుధవారం

ఇవాళ షెడ్డుకు పోయే ముందు మమత పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో రాత్రి అంతా సిద్ధం చేసుకున్నాను. రెండు నెలల్లో లేస్తావు, వచ్చే ఏడు రాష్ట్రం ఫస్టు, ఆ తర్వాత చూసుకో అని. అదంతా నిజం కూడా. నోరు తెరిచేలోపే తనే అడిగింది.

"నాయనా, కాలు సరిగా అతుక్కోకపోతే? మళ్ళీ అట్ల ఉరకలేకపోతే?"

"ఎందుకు అతుక్కోదు, డాక్టరమ్మ..." అని ఆగిపోయాను. దాని ముఖం చూస్తే, తను అడుగుతున్నది కాలు గురించి కాదనిపించింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను.

"ఉరకలేకపోతే ఏం?" అన్నాను. "రేపట్నుంచి మామూలుగానే లేద్దాం. ఉగ్గాని తిందాం. వద్దా?"

"ఉరక్కుండానే?"

"నేనేమన్నా ఉరుకుతాండానా? నేను రోజూ తాగడం ల్యా టీ?"

నవ్వింది. ఎన్ని రోజులైంది ఆ నవ్వు చూసి! తర్వాత నా భుజం మీద తల పెట్టి కాస్త ఏడ్చింది. నేను కదలకుండా కూర్చున్నాను. షెడ్డుకు ఆలస్యమైంది. అవ్వ తిట్టింది. తిట్టనీ.

డిసెంబర్ 11, గురువారం

ఉగ్గాని తిన్నాం. హోటలాయన పందెం గురించి అడిగాడు. "మా పాప కోచ్ ఇప్పుడు" అన్నాను. మమత సిగ్గుపడింది గానీ, కాదనలేదు.

బాలప్ప రానన్నాడు. ఆ రోజు వాళ్ళ మామ ఊళ్ళో బోరు వేస్తున్నారట. ఇంకెవరో ఒకరు దొరుకుతారు. ఇంత పెద్ద పెనుకొండలో పురుగులేరే మనిషే దొరకడా?

డిసెంబర్ 12, శుక్రవారం

దొరకలేదు.

నిజానికి ఇద్దరు దొరికారు. ఒకడు బీడీ వాసన. ఇంకొకడికి పండిన పురుగుకూ పండని పురుగుకూ తేడా తెలియదు. వాణ్ని అవ్వ ముందు నిలబెట్టాలంటే నాకే మనసొప్పలేదు. పండిన పురుగు ఒళ్ళు పలచబడి, లేత పసుపు తేలి, లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. అది ఒక్క రోజులో నేర్పేది కాదు. నాకు తెలుసు ఇప్పుడు.

రేపటికి ముందే సెలవు పెట్టి ఉంచాను, పందెం చూడాలని. ఉమారాణితో, "పిల్లలెంట నువ్వు పో. నేను పురుగుల కాడ ఉంటా" అన్నాను.

"నువ్వు రావా? నిజంగా?"

"మాట ఇచ్చినా గదా."

తను నా తువ్వాలు తీసి ఉతకడానికి వేసి, ఉతికిన తువ్వాలు పెట్టింది. వాసన లేనిది.

డిసెంబర్ 13, శనివారం

తెల్లవారగానే షెడ్డుకు పోయాను. సుచిత్ర అప్పటికే బూట్లు వేసుకుని, ఆకు వేస్తోంది. మమత బూట్లు. ఆ పిల్లకు కాస్త వదులు, ముందు దూది పెట్టారట.

"పురుగులు సగానికి పైన పండినాయి మామా. ఆ మూలవి ముందు చూడు" అంది నాతో. ఆటోలో ఉమారాణి, మమత, మిగతా ముగ్గురు పిల్లలూ, రంగయ్య సారూ ఎదురుచూస్తున్నారు. అవ్వ మనవరాలి తల నిమిరి, "పో. తొందర ల్యా. మెల్లగా పోయిరా" అంది. పరుగు పందేనికి పోయే పిల్లకు మెల్లగా పోయిరా అని చెప్పింది!

ఇంక మేమిద్దరమే. తలెత్తి దారులు వెతుక్కుంటున్న పురుగుల్ని ఒక్కోదాన్నీ ఏరి, అవి గూడు కట్టుకునే వెదురు తట్టల మీద వెయ్యడమే పని. నొక్కకూడదు, వెయ్యడం ఆలస్యం చెయ్యకూడదు. ఆలస్యమైతే దారమంతా ఎక్కడ పడితే అక్కడ కక్కేస్తాయి. నడుము పడిపోయింది. ఆ సమయానికి ధర్మవరంలో ఏమవుతుందో ఆలోచించకుండా ఉండాలని ఆలోచించాను.

పొద్దెక్కాక ఫోన్ మోగింది. మమత. స్పీకర్ పెట్టి జేబులోనే ఉంచుకున్నాను.

"నాయనా, ముందరోళ్ళు వచ్చేస్తాండారు. మరియమ్మ! మరియమ్మ ఐదో ఆరో! నాయనా, మనోళ్ళు ఇంకో ఇద్దరూ గేటు కాడికొచ్చినారు!"

"సుచిత్ర?"

"కనపడల్యా."

అవ్వ చేతిలో పురుగుతో అలాగే నిలబడింది. "ఏమంటాంది?"

"వస్తాందంట అవ్వా."

"కనపడల్యా అనింది నాకూ వినపడిందిలే" అంది అవ్వ.

ఫోన్‌లో జనం గోల. మమత ఎవరికో ఏదో చెబుతోంది, అరవకుండా. మాట తెలియడం లేదు, గొంతు మాత్రం తెలుస్తోంది. అంత గోలలోనూ నాకు తెలుస్తోంది. కొండ ఎత్తులో స్కూటర్ వెనక నుంచి వినిపించిన గొంతే. తర్వాత ఒక్కసారిగా ఏదో పెద్ద కేక. ఫోన్ కట్ అయింది.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఉమారాణికి చేశాను. ఎత్తలేదు. తలుపు దగ్గరికి, మళ్ళీ తట్ట దగ్గరికి తిరిగాను.

"పురుగేరప్పా" అంది అవ్వ. "అది నీ ఫోను కోసం కాచుకోదు."

ఏరాను. అవ్వ ఏరిన చోటే మళ్ళీ వెతుకుతోంది. నేనేమైనా తక్కువా? ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఎంతసేపైందో తెలియదు, ఉమారాణి ఫోన్ చేసింది. మాట రావడం లేదు తనకు. ఏడుస్తోందనుకున్నాను. తర్వాత తెలిసింది, నవ్వు ఆపుకోలేక అని.

"మూడో స్థానం! టీమ్ మూడో స్థానం! ఆ పిల్ల గేటు కాడ ముగ్గుర్ని దాటింది. ఒక్కర్ని తక్కువ దాటినా మనది నాలుగో స్థానమే. గీత దాటి కక్కేసింది పాపం. ఇప్పుడు కూర్చోని నవ్వుతాంది. ఇదిగో మాట్లాడు."

ఫోన్ అవ్వ చెవి దగ్గర పెట్టాను. సుచిత్ర అడిగిన మొదటి మాట నాక్కూడా వినిపించింది.

"అవ్వా, గూళ్ళు కడతాండాయా?"

"కడతాండాయి తల్లీ. నువ్వు నీళ్ళు తాగినావా?" అని, అవ్వ ఫోన్ నా చేతికిచ్చేసి, కొంగుతో మొహం తుడుచుకుంది. నేను తట్ట వైపు తిరిగాను. వెదురు మెలికల్లో పురుగులు పొగలాంటి పలచటి దారం చుట్టుకుంటున్నాయి. కొన్ని అప్పటికే సగం కనపడకుండా పోయాయి.

సాయంత్రం అందరూ నేరుగా షెడ్డుకే వచ్చారు. సుచిత్ర మెడలో మెడల్ తీసి గోడ గూట్లో పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి పోయి తట్టలన్నీ చూసింది. చివరి తట్ట దగ్గర ఆగి, నావైపు తిరిగి, "బాగేసినావు మామా" అంది. కంపెనీలో ఇన్నేళ్ళుగా బస్సు తోలుతున్నాను, నాకు ఇలాంటి మాట ఎవరూ అనలేదు. అవ్వ మాత్రం, "ఇంగ పో అప్పా, నీ పిల్ల ఆ కాలు మీదే నిలబడుకోనుండాది" అంది.

ఉమారాణి మిగతా పిల్లలతో ఆటోలో పోయింది. మమతను స్కూటర్ వెనక ఎక్కించుకున్నాను.

"ఎట్ల జరిగిందో చెప్పు" అన్నాను.

"అమ్మ చెప్పింది గదా."

"అమ్మ చివర చెప్పింది. నువ్వు మొదట్నుంచి చెప్పు."

మొదలుపెట్టింది. పొద్దున ధర్మవరంలో దిగినప్పుడు సుచిత్ర ఎలా వణికిందో, తను ఏం చెప్పిందో. గీత దగ్గర ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో. మొదటి మలుపులో అందరూ ఎలా తోసుకున్నారో. నా భుజం మీద చెయ్యి వేసి, దారి గీసి చూపిస్తున్నట్టు వేలితో వీపు మీద గీస్తూ చెబుతోంది. నేను చాలా మెల్లగా తోలాను. ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. పెనుకొండ వచ్చింది, బస్టాండు వచ్చింది, మా ఇంటి సందు వచ్చింది. మమత చెప్పే పందెంలో మరియమ్మ అప్పటికి ఇంకా చేలగట్టు మీదే ఉంది.

సందు దాటి ముందుకు పోయాను.